బంతిలో ఎవరి పక్కన ఎవరు

ఎల్ఫులు పళ్లు, తేనె తింటారు. డ్వార్ఫులు మాంసం కాల్చుకుని బీరు తాగుతారు. ఆర్కులు పచ్చిమాంసం పీక్కుతింటారు. మీరు కట్టుకున్న లోకంలో జాతుల తిండి గురించి నోటుబుక్కులో ఉన్నది ఇంతేనా? అయితే అది హోటల్ గోడకి తగిలించిన ధరల బోర్డు లాంటిది. ఏం దొరుకుతుందో చెబుతుంది గానీ లోపల ఎవరిని కూర్చోనిస్తారో చెప్పదు.

గత అధ్యాయాల్లో మ్యాపు గీశాం, ఊళ్లకి పేర్లు పెట్టాం, దేవుళ్లని నిలబెట్టాం. ఇప్పుడు ఆటగాళ్లు నలుగురూ మీ చుట్టూ కూర్చుని, పాచిక చేతిలో పట్టుకుని, "ఆ ఊళ్లోకి వెళ్తాం, ఆకలేస్తోంది" అంటారు. కత్తి తీయని ఆటగాళ్లు ఉంటారేమో గానీ అన్నం అడగని ఆటగాళ్లు ఉండరు. అప్పుడు మీరు "రొట్టె, పులుసు పెట్టారు, తిన్నారు" అని దాటేస్తే ఆ ఊరికీ పక్క ఊరికీ తేడా ఉండదు. అలా కాకుండా, ఆ ఇంటి ముసలమ్మ వచ్చినవాళ్లని ఎగాదిగా చూసి, ముగ్గురికి లోపల పీట వేసి, నాలుగో మనిషికి మాత్రం అరుగు మీద ఆకు వేసిందనుకోండి. పాచిక వేయకుండానే ఆట మొదలైపోయింది. ఆ నాలుగో పాత్ర ఆడేవాళ్ల మొహం చూడండి, మీకే తెలుస్తుంది.

కాబట్టి ఈ అధ్యాయంలో నేనడిగేది ఒకటే. ఒక జాతి ఏం తింటుందో తర్వాత రాసుకోవచ్చు. ఎవరితో కూర్చుంటుంది, ఎవరి చేతి తిండి ముట్టదు, ఎవరు తిన్నాక తింటుంది అన్నవి ముందు రాయండి. ఇది నేర్చుకోవడానికి అందరూ టోల్కీన్ దగ్గరికి వెళ్తారు. మనం మాచర్ల వెళ్దాం.

చాప పరిచిన చోట

పన్నెండో శతాబ్దం, పల్నాడు. గురజాలలో నలగామరాజు, ఆయన వెనక నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓడినవాళ్ల వలస, రాయబారం, చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం. ఈ కథని శ్రీనాథుడు ద్విపదలో రాశాడంటారు. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చులోకి తెచ్చారు. జనం మాత్రం పుస్తకంలో కన్నా పాటలోనే ఎక్కువ విన్నారు. జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆ పాటకథని రికార్డు చేసుకుని 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. ఇదే కథతో వచ్చిన 1966 సినిమాలో భానుమతి నాగమ్మనీ, ఎన్టీఆర్ బ్రహ్మనాయుణ్నీ చూసినవాళ్లకి ఈ పేర్లు ఇంకోసారి చెప్పక్కర్లేదు.

మనకి కావలసింది యుద్ధం కాదు, అంతకుముందు తిన్న అన్నం. బ్రహ్మనాయుడు మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు. ఆయన మనుషులు చాప పరిచి, కులం అడక్కుండా, అందరూ వరసన కూర్చుని తినేవారు. అదే చాపకూడు. మాల కన్నమదాసుని ఆయన కొడుకులా చూసుకుని సేనని నడిపించే చోట నిలబెట్టాడు. ఆయన కన్నకొడుకు బాలచంద్రుడి వెంట యుద్ధానికి కదిలిన తోడువాళ్లలో బ్రాహ్మణుడైన అనపోతు దగ్గర్నించి చేతిపనుల కులాలవాళ్ల దాకా ఉన్నారు. కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. అందులో మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. ఊరు ఊరంతా యుద్ధాన్ని తలుచుకునే అయిదు రోజుల్లో ఒక రోజుని కలిసి తిన్నందుకు కేటాయించిందంటే, ఆ భోజనం ఆ జనానికి కత్తులతో సమానంగా గుర్తుందన్నమాట.

ఇప్పుడు దీన్ని ఆట నడిపే గేమ్ మాస్టర్ కంటితో చూడండి. చాప మీద ఏం వడ్డించారన్నది ఎవరికీ పట్టలేదు. జొన్నకూడో, వరికూడో, మాంసమో, ఏదైనా కథ మారదు. కూర్చున్న తీరు మారితే మాత్రం కథే లేదు. పైగా ఆ చాపకి అంత బలం రావడానికి కారణం దాని చుట్టూ ఉన్న గీతలు. ఎవరు ఎవరితో తినకూడదో ఆ కాలం ప్రతి మనిషికీ ఒంటబట్టి ఉంది గనకే చాప పరచడం ఒక సంఘటన అయింది. గీతలు లేని లోకంలో చాప అంటే చాపే.

మీ లోకంలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. నాలుగు జాతులవాళ్లు ఒక సత్రంలో బల్ల చుట్టూ కూర్చుని మగ్గులు తాటించుకుంటారు, హాయిగా ఉంటుంది. కానీ అది ఎవరూ ఏ గీతా తెంచనక్కర్లేని స్నేహం, ఎవరూ మూల్యం చెల్లించని స్నేహం. ముందు గీతలు గీయండి. గీసి ఒకటి రెండు ఆటలు వాటిలోనే నడవనివ్వండి. ఆటగాళ్లకి విసుగు పుట్టాలి, కోపం రావాలి. ఆ తర్వాత ఒక మూల ఎవరో చాప పరిచారని చెప్పండి. చాలామటుకు ఆ చాప పరిచే ఆలోచన మీ ఆటగాళ్లకే ముందు వస్తుంది. రానివ్వండి.

ఇంకోటి. గురజాల వైపు నుంచి ఆ చాప ఎలా కనబడి ఉంటుంది? బ్రహ్మనాయుడు వైష్ణవుడు, నాగమ్మ శివభక్తురాలు. ఒక వైపు భక్తి అనిపించింది రెండో వైపు కట్టుదప్పడం అనిపిస్తుంది. ఒకే భోజనాన్ని రెండు ఊళ్లు రెండు రకాలుగా చెప్పుకోకపోతే మీ ఊళ్లు ఇంకా తయారు కాలేదు.

రాహువు కూర్చున్న వరస

మన పురాణాల్లో జాతులకి కొదవ లేదు. దేవతలు, రాక్షసులు, యక్షులు, నాగులు, గంధర్వులు, పితరులు. వీళ్లందరి తిండీ ఏదో ఒక చోట రాసే ఉంది. అయినా వాటన్నిటిలో ఆటకి అక్కరకొచ్చే ఘట్టం అమృతం పంచినప్పటిది. పాలసముద్రం చిలికిందేమో దేవతలూ రాక్షసులూ ఇద్దరూ కలిసి. వడ్డించే వేళకి మాత్రం రెండు బంతులు వేశారు. మోహిని వడ్డన మొదలుపెట్టింది. రాహువు వేషం మార్చి దేవతల బంతిలో కూర్చున్నాడు. సూర్యచంద్రులు గుర్తుపట్టి చెప్పారు, తల తెగిపడింది. అప్పటికే ఒక గుక్క గొంతులో పడింది గనక ఆ తల చావలేదు. అందుకే గ్రహణాలు.

పని ఇద్దరిదీ, విందు ఒకరిది. వడ్డించే గరిటె ఎవరి చేతిలో ఉంటే న్యాయం వాళ్లది. పక్కన కూర్చున్నవాళ్లే చాడీ చెప్పారు. ఆ పగ ఆకాశానికెక్కి ఇప్పటికీ దిగలేదు. మీ ఆటలో ఒక తరం పాటు నడిచే వైరం కావాలంటే రాజ్యాలు, సరిహద్దులు వెతకనక్కర్లేదు. ఒక బంతి, ఒక తప్పు చోటు, ఒక చాడీ చాలు.

మాచర్ల చాపనీ ఈ అమృతం బంతినీ పక్కపక్కన పెట్టుకోండి. ఒకచోట ఎవరికీ తెలియకుండా వరసలో కూర్చున్నందుకు తల పోయింది. ఇంకోచోట వరసలే ఎత్తేశారు. మీరు సృష్టించే ప్రతి జాతీ ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడుందో తెలిస్తే ఆ జాతి గురించి మిగతాది మీకు తెలియకుండానే వచ్చేస్తుంది.

నేల ఏం పెడితే అది

ఇక ఏం తింటారన్న ప్రశ్న. దానికి జవాబు మీ ఊహలో వెతక్కండి, మీరు గీసిన మ్యాపులో వెతకండి.

శ్రీనాథుడివని చెప్పుకునే చాటుపద్యాల్లో పల్నాడు మీద వెక్కిరింతలున్నాయి. రాళ్లు, నాపరాళ్లు, నాగులేటి నీళ్లు, తేళ్లు, పాములు, వాటితోపాటు సజ్జకూడు, జొన్నకూడు. రాజాస్థానాల్లో సన్నబియ్యం తిన్న నాలుక మరి. ఇంకో పద్యంలో ఆయన మరీ ముందుకెళ్లి, ఈ సీమకొస్తే రంభయినా రాట్నం ముందు కూర్చోవలసిందే, రాజయినా నాగలి పట్టవలసిందే, మన్మథుడంతటివాడైనా జొన్నకూడే తినాలి అన్నాడు. వెక్కిరింత పక్కన పెట్టి చూస్తే లోకాలు కట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి సూత్రం లేదు. అప్సరస అయినా సరే, దేవత అయినా సరే, నేల ఏం పెడితే అది తినాలి. మీ ఎల్ఫు రాకుమారి కరువుసీమలో మూడేళ్లుంటే తేనె తినదు, అంబలి తాగుతుంది. అలా తాగినట్టు రాయడానికి మీకు మనసొప్పకపోతే, ఆ పాత్రని మీరు ఇంకా బొమ్మగానే చూస్తున్నారు.

నేల మారితే కూడు మారుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. పల్నాడులో కుడికాలువ నీళ్లు పారిన చోటల్లా మెట్ట జొన్న వెనక్కి తగ్గి వరి ముందుకొచ్చింది. శ్రీనాథుడు వెక్కిరించిన జొన్న ఇప్పుడు షుగర్ వచ్చినవాళ్లు డాక్టరు చెప్పాడని రొట్టె చేసుకుని తినే పథ్యం. ఒకప్పుడు వరన్నం పండగనాటి తిండి, జొన్న రోజువారీది. ఇప్పుడు తలకిందులైంది. మీ లోకంలో కూడా ఏ తిండి గొప్పదో, ఏది పేదదో రెండు తరాల కిందట వేరుగా ఉండాలి. తాతకి అవమానం అనిపించిన గిన్నె మనవడికి ముచ్చట అనిపించాలి.

మరో హెచ్చరిక మిరపకాయ గురించి. గుంటూరు వైపు వాళ్ల కథ అనగానే చేయి తనంతట తానే పచ్చడి వైపు వెళ్తుంది. కానీ మిరప ఈ దేశానికి పోర్చుగీసు ఓడలతో వచ్చింది, వాళ్లు దిగిందే 1498లో. అంటే ఆనాడు చాపకూడు తిన్నవాళ్లెవరికీ ఎండుమిరప ఘాటు తెలియదు. బాలచంద్రుడు పండుమిరప కారం ఎరగడు. వేరుశనగా లేదు, టమాటా లేదు, బంగాళాదుంపా లేదు. కారం కావాలంటే మిరియం, అల్లం, ఆవ. పన్నెండో శతాబ్దం లాంటి లోకం కట్టి అందులో కందిపచ్చడికి ఎండుమిరప వేయించారనుకోండి, పట్టుకునే ఆటగాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. అయితే మీది వేరే లోకం గనక మిరప అక్కడే పుట్టిందని చెప్పే హక్కు మీకుంది. ఆ హక్కు తెలిసి వాడుకోండి. తెలియక చేస్తే దొరికిపోతారు.

నోరు లేని అతిథులు

మనం పెట్టేది దేవతలు నేరుగా తినరు, హవిస్సు అగ్నిద్వారా అందుకుంటారు. పితరులకి పిండం. దాన్ని ముట్టుకోవడానికి కాకి రావాలి, రాకపోతే ఇంటిల్లిపాదీ గుమ్మం వైపు చూస్తూ నిలబడాలి. పాశ్చాత్య ఆటపుస్తకాల్లో దెయ్యాలకి తిండి ఉండదు. మన దగ్గర చచ్చినవాళ్లకీ తిథి ప్రకారం వడ్డన ఉంది, వాళ్లకి పెట్టాకే బతికున్నవాళ్ల బంతి.

నరసరావుపేట పక్కన కోటప్పకొండ ఉంది. శివరాత్రికి ఎత్తైన ప్రభలు కట్టి జనం వెళ్లే కొండ. ఆ కొండ మీద కాకి వాలదంటారు. గొల్లభామ ఆనందవల్లి స్వామికి మోసుకెళ్తున్న నీళ్ల కుండని కాకి ఒలకబోసిందట, ఆమె శపించిందట. స్థలపురాణంగా వినేసి ఊరుకోవచ్చు. కానీ మీరు లోకాలు కట్టే పనిలో ఉన్నారు, ఊరుకోకూడదు. కాకి వాలని కొండ మీద ఒక జాతి కాపురం ఉందనుకోండి. వాళ్ల పెద్దలకి పిండం ఎలా అందుతుంది? కొండ దిగి పరాయి ఊళ్లో పెట్టాలా? ఆ ఊరివాళ్లు తమ నేల మీద వేరేవాళ్ల చచ్చినవాళ్లని పిలవనిస్తారా? అద్దె అడుగుతారా? లేక ఆ జాతివాళ్లు అసలు పెద్దలకి పెట్టడమే మానేసి, "మా వాళ్లు ఆకలితో తిరుగుతుంటారు" అని రాత్రిపూట కొండ మీద వంట చేయకుండా ఉంటారా? చిన్న స్థలపురాణంలోంచి ఇంత వచ్చింది. మీ ఊరి గుట్ట మీద కూడా ఇలాంటిది ఒకటుంటుంది, వెళ్లి అడగండి.

వంతు, విషం, వెలి

బకాసురుడి కథలో అందరూ భీముడి వంక చూస్తారు. మీరు బండి వంక చూడండి. ఏకచక్రపురంలో ఇంటింటికీ వంతు. బండెడు అన్నం, రెండు దున్నలు, తోలుకెళ్లే మనిషి. బదులుగా బకాసురుడు ఊరిని ఇతర శత్రువుల నుంచి కాస్తాడు. ఇది రాక్షసుడి ఆకలి కాదు, పన్ను పద్ధతి. వంతుల లెక్క రాసే కరణం ఎవరు? డబ్బున్నవాడు తన వంతుకి మనిషిని కొనుక్కోగలడా? మీ ఆటలో రాక్షసుణ్ని చంపడం సులువు, వంతుల పుస్తకం పెట్టుకున్నవాడిని ఏం చేయాలో తేల్చుకోవడం కష్టం.

పల్నాడుకి పన్ను కథలు కొత్త కాదు. అడవిలో పశువుల్ని మేపుకుంటే పుల్లరి కట్టమని తెల్లదొరల సర్కారు అడిగింది. మించాలపాడు కన్నెగంటి హనుమంతు కట్టనన్నాడు, 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ ఉద్యమంలో ఊళ్లు వాడిన ఆయుధాల్లో ఒకటి వెలి. అధికారులకి సామాన్లు అమ్మకపోవడం, వాళ్ల పనులు చేయకపోవడం. తుపాకీ ఉన్నవాడు కూడా పొయ్యి వెలిగించేవాళ్లు లేకపోతే ఎంతసేపు నిలబడతాడు? మీ ఆటగాళ్లు ఒక ఊరిని బెదిరిస్తే ఊరు తిరగబడాలని లేదు. అన్నం అమ్మడం మానేస్తే చాలు.

విషం సంగతి క్లుప్తంగా. పల్నాటి కథలో అలరాజు రాయబారిగా వెళ్లి విషప్రయోగంతో చనిపోతాడు, దాంతో సంధి మాట ముగుస్తుంది. అతిథికి పెట్టిన దాంట్లో విషం కలపడం ప్రతి జాతిలోనూ ఘోరమే అవ్వాలి. కానీ దేనికన్నా ఘోరం అన్నది ఒక్కో జాతిలో ఒక్కోలా ఉండాలి. విషాన్ని ఆటలో ఒక్కసారే వాడండి. రెండోసారి వాడితే మీ ఆటగాళ్లు తర్వాత ఎవరింట్లోనూ నోట్లో ముద్ద పెట్టరు, ఈ అధ్యాయం మొత్తం వృథా.

తినలేరా, తినకూడదా

ఇప్పుడు టోల్కీన్ దగ్గరికి. ఆయన హాబిట్లు దొరికితే రోజుకి ఆరు పూటలు తింటారు. అదొక జాతి స్వభావం చెబుతుంది, సరే. అంతకన్నా పదునైన ఘట్టం లెంబాస్‌ది. ఎల్ఫులు ఆకుల్లో చుట్టి ఇచ్చే ఆ రొట్టె గాలమ్ అనే పాత్ర నోట్లో పెట్టుకుంటే గొంతుకడ్డం పడుతుంది, ఉమ్మేస్తాడు. అది వాడి ఒంటి జబ్బా, మనసు జబ్బా, శాపమా? ఆయన తేల్చి చెప్పకుండా వదిలేశాడు, అందుకే అది మనల్ని వెంటాడుతుంది.

మీరు మాత్రం మీ నోటుబుక్కులో తేల్చుకోండి. "ఈ జాతి ఫలానాది తినదు" అని రాసిన ప్రతి చోటా పక్కన రాయండి: ఒళ్లు పట్టదా, పెద్దలు ఒప్పుకోరా, లేక దొరక్క అలవాటు తప్పిందా. ఒళ్లు పట్టనిది ఆటలో గోడ, దాన్ని దాటలేరు. పెద్దలు ఒప్పుకోనిది తలుపు, దాటొచ్చు, వెనక ఎవరో చూస్తుంటారు. చాలామంది గేమ్ మాస్టర్లు అన్నీ ఒంటికే అంటగడతారు, ఆ పని సులువు గనక. అప్పుడు ఆటగాళ్లకి తెంచడానికి ఏమీ మిగలదు. జపాన్‌లో ర్యోకో కుయి 2014 నుంచి 2023 దాకా గీసిన 'డంజన్ మెషి' బొమ్మలకథ చూడండి. గుహలో రాక్షసజీవుల్నే వండుకుతినే బృందం అది. సెన్షీ అనే డ్వార్ఫు శ్రద్ధగా వండుతుంటే మార్సిల్ అనే ఎల్ఫు ఛీ అంటూనే ఆకలికి లొంగి తింటుంది. ఆమె ఛీ అన్నది ఒంటికి సంబంధించింది కాదు, అలవాటుది. కథ అంతా అక్కడినుంచే పుట్టింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో వచ్చింది. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలో ఏ జాతికి ఏ జాతి అంటే ఎంత ఇష్టమో, ఎంత ద్వేషమో ఒక్కో అక్షరంతో చూపించే పట్టిక ఉంది. డ్వార్ఫులకి హాఫ్ ఆర్కులంటే ద్వేషం, అలా. నాకు ఆ పట్టిక ఎప్పుడూ నచ్చలేదు. ద్వేషం ఉన్నా కలిసి తినేవాళ్లని చూశాం, ప్రేమగా మాట్లాడుతూనే గ్లాసు వేరే పెట్టేవాళ్లనీ చూశాం. ద్వేషం పట్టిక చించేసి బంతి పట్టిక వేసుకోండి. అడ్డంగా జాతులు, నిలువుగా జాతులు, ప్రతి గడిలోనూ ఒక వాక్యం: పక్కన కూర్చుంటారు, ఎదురుగా కూర్చుంటారు, వండింది ముట్టరు గానీ పళ్లు తీసుకుంటారు, నీళ్లు కూడా తీసుకోరు.

అదే ఆట 2024 కొత్త పుస్తకంలో 'రేస్' అన్న మాట తీసేసి 'స్పీషీస్' అని పెట్టారు. ఎందుకు మార్చవలసి వచ్చిందో మనకి ఎవరూ వివరించనక్కర్లేదు. పుట్టుకనిబట్టి మనిషి విలువ కట్టే పట్టికలు మన ఊళ్లలో ఎవరో ఆట కోసం రాసినవి కావు.

అందుకే ఈ జాగ్రత్త. మీ బల్ల చుట్టూ కూర్చున్న నలుగురిలో ఒకరు టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లో, పడినవాళ్లో అయివుండొచ్చు. కారంచేడులో 1985లో దళితుల ఊచకోతకి దారితీసిన గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. మీ ఆటలో ముసలమ్మ అరుగు మీద ఆకు వేసినప్పుడు ఒకరికి అది కథ, ఇంకొకరికి వాళ్ల నాయనమ్మ చెప్పిన సంగతి. ఆట మొదలెట్టేముందే అడగండి: ఇలాంటివి వస్తాయి, పర్లేదా? వద్దంటే వద్దు. అవమానపడే పాత్ర ఎప్పుడూ ఒకే ఆటగాడికి పడకుండా చూడండి. ముఖ్యంగా, అవమానించే జాతిని తెలివైనవాళ్లుగా, పడే జాతిని మొరటువాళ్లుగా తీర్చకండి. మన పాత కథలు రాక్షసులతో చేసింది అదే, మీరూ చేయనక్కర్లేదు.

అలాగే చాపని మందులా వాడకండి. ఆఖరి ఆటలో అందరూ కలిసి తిన్నారు, శత్రుత్వాలు పోయాయి, పేర్లు పడ్డాయి అని ముగించాలనిపిస్తుంది. అంబేద్కర్ 1936లోనే రాశారు, సహపంక్తి భోజనాల వల్ల కులం పోదని. పల్నాటి కథ కూడా అదే చెబుతుంది. చాపకూడు తిన్నవాళ్లు ఆ తర్వాత యుద్ధానికెళ్లారు, చాలామంది తిరిగి రాలేదు. మీ ఆటలో చాపని మధ్యలో పరవండి, దాని ఖర్చు చూపించడానికి ఇంకా సగం ఆట మిగిలి ఉండాలి.

చేసి చూద్దాం

ఒక ఏరు, ఏటి పక్కన నాపరాళ్ల గట్టు. గట్టు మీద గట్టువాళ్లు, ఒడ్డున ఏటివాళ్లు, అటూ ఇటూ తిరిగే పొగవాళ్లు.

గట్టువాళ్లది మెట్ట. మూడేళ్లకోసారి వాన. జొన్నలు పాతరలో పోసి పూడుస్తారు. మెట్టసీమల్లో పాతర తీసేటప్పుడు లోపల ఊపిరాడక మనుషులు పోయిన సంగతులున్నాయి, అందుకే ముందు దీపం దించి చూసేవారు. దాన్ని పట్టుకోండి. గట్టువాళ్ల ఇళ్లలో విస్తరి పక్కన దీపం పెట్టి గానీ వడ్డించరు. పాతర లేని ఇళ్లలోనూ దీపం ఉంది. "ఇందులో మృత్యువు లేదు" అని అతిథికి చెప్పడం అది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఆర్పితే మాత్రం ఊరుకోరు.

ఏటివాళ్లకి ఏరు రోజూ పెడుతుంది. పొద్దుగూకేలోపు తినేస్తారు, మిగిలింది ఏటికిస్తారు. దాచుకోవడం వాళ్ల దృష్టిలో దొంగతనం. మరి పాతర? ఊరంతా కలిసి చేసిన దొంగతనం. గట్టువాళ్ల దృష్టిలో ఏటివాళ్లు రేపటి గురించి ఆలోచించని చిన్నపిల్లలు. రెండు వైపులా నేలే మాట్లాడుతోంది, వాళ్లకి తెలియదు.

పొగవాళ్లు పొగనే తింటారు. తిండి వాళ్ల కోసం ఎవరో ఒకరు కాల్చాలి. కాబట్టి ఎప్పుడూ ఒకరింటి గుమ్మంలోనే ఉంటారు. పైగా మొదటి పొగే వాళ్ల తిండి, చల్లారాక వాళ్లకి పెట్టడానికేమీ ఉండదు. అంటే అందరికన్నా నిరుపేదలు అందరికన్నా ముందు తినాలి. ఇది ఏ ఇంటి మర్యాదకీ సరిపోదు. వాళ్లని కొందరు దేవుళ్లంటారు, కొందరు పీడ అంటారు.

ఇప్పుడు గట్టుపిల్లకీ ఏటిపిల్లాడికీ పెళ్లి కుదిరింది. భోజనాలు పొద్దుగూకేముందా, దీపాలు పెట్టాకా? పొగవాళ్లకి మొదటి పొగ ఇస్తే పెళ్లికొడుకు మేనమామ అలుగుతాడు. ఇవ్వకపోతే వాళ్లు ఆకలితో పోతారు. మిగిలిన అన్నం ఏట్లో కలుపుతుంటే పిల్ల తండ్రి చూస్తూ నిలబడాలి.

మీ ఆటగాళ్లని ఇక్కడ పెళ్లి అతిథులుగా పంపకండి. అతిథులు తిని వెళ్లిపోతారు. వడ్డనకి పెట్టండి. గరిటె వాళ్ల చేతికిచ్చి, మొదటి బంతిలో పదిమందికే చోటుందని చెప్పి, మీరు నోరు మూసుకుని కూర్చోండి. ఎవరిని కూర్చోబెడతారో, ఎవరి విస్తట్లో నెయ్యి ఎక్కువ పోస్తారో చూడండి. ఒకరు లౌక్యంగా రెండో బంతికి ఆశ చూపిస్తారు, ఒకరు దీపాలన్నీ పొద్దుండగానే వెలిగించి ఇద్దరినీ ఒప్పిద్దామంటారు, ఒకరు నేరుగా వెళ్లి మేనమామతో పోట్లాట పెట్టుకుంటారు. నలుగురు స్నేహితుల గురించి మీకు ఇన్నాళ్లూ తెలియనిది ఆ గంటలో తెలుస్తుంది.

పెళ్లి అయ్యాక ఆట ఆపేయకండి, ఇంకో పావుగంట నడపండి. విస్తళ్లు ఎవరు ఎత్తాలని అడగండి. నూటికి తొంభైమంది "పనివాళ్లు ఎత్తుతారు" అంటారు. సరే, ఆ పనివాళ్లది ఏ జాతి, ఎన్నో బంతిలో తిన్నారు, ఎక్కడ కూర్చుని తిన్నారు? మీ నోటుబుక్కులో వాళ్లకి పేజీ లేదు కదా, ఈ రాత్రే ఒకటి తీయండి.